తప్పు జవాబుకి తెర ఏం చెప్పాలి? పిల్లల చదువు ఆటల్లో ఫీడ్‌బ్యాక్ తయారుచేసే పద్ధతి

తొక్కుడుబిళ్ళ ఆడే పిల్లలకి ఎవరూ మార్కులు వెయ్యరు. బిళ్ళ గీత మీద పడితే ఔట్. ఎంత దూరంలో తప్పిందో, ఈసారి ఎంత మెల్లగా వెయ్యాలో ఆ గీతే చెబుతుంది. ఫీడ్‌బ్యాక్ అంటే అదే, చేసినదానికి తిరిగొచ్చే కబురు. వామనగుంటల్లో కూడా అంతే. గింజలు పంచుతూ పోతే ఆఖరి గింజ ఎక్కడ పడిందో ఇద్దరికీ కనిపిస్తుంది. ఎవరూ చప్పట్లు కొట్టరు, అయినా భోజనానికి పిలిస్తే లేవరు.

నేను తయారుచేసిన మొదటి లెక్కల ఆటలో ఇవేవీ లేవు. జవాబు తప్పైతే 'ట్య్ట్య్' అని ఒక మోత, ఏడుపు మొహం. సరైతే తారాజువ్వలు, చప్పట్లు, బంగారు నాణేలు. రెండో తరగతి పాప ఒకామె దాన్ని ఇరవై నిమిషాలు హాయిగా ఆడింది. నాలుగు జవాబుల్లో ఒకదాన్ని నొక్కడం, మోత వస్తే ఇంకోటి నొక్కడం, తారాజువ్వలు చూడటం. ఆట అయ్యాక పలక ఇచ్చి 53లోంచి 27 తియ్యమన్నాను. 34 అని రాసింది. ఆట మొదలుపెట్టకముందు కూడా అదే రాసింది. నాణేలు మాత్రం చాలానే వచ్చాయి.

ఆ పాప తప్పేం లేదు. "కాదు" అని ఇరవైసార్లు చెప్పిన నా ఆట, ఎందుకు కాదో ఒక్కసారి కూడా చెప్పలేదు. అప్పటినుంచి నేను పని చేసే పద్ధతి మార్చుకున్నాను. రంగు దిమ్మెలు పేర్చి ప్రోగ్రాం రాసే స్క్రాచ్‌లో సరదాగా ఆటలు చేసే టీచర్‌కైనా, ఫోన్ యాప్ రాసే ప్రోగ్రామర్‌కైనా ఈ వరుస పనికొస్తుంది. ఉదాహరణకి అదే లెక్క తీసుకుంటాను: ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు చేసే రెండంకెల తీసివేత, అందులోనూ పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకునే రకం.

1. ముందు తప్పుల పట్టిక రాయండి

బొమ్మలు గీయకముందు, కోడ్ మొదలుపెట్టకముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. సరైన జవాబు ఒక్కటే ఉంటుంది, దాని గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. తప్పు జవాబులు ఏమేం రావచ్చో, ఒక్కొక్కటి ఏ ఆలోచనలోంచి పుడుతుందో రాయండి.

పిల్లల తప్పులు గాల్లోంచి ఊడిపడవు. 1978లో అమెరికాలో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు తీసివేతల్లో పిల్లలు చేసే పొరపాట్లను పరిశీలించి చెప్పింది ఇదే. చాలామంది పిల్లలు ఒక పద్ధతిని శ్రద్ధగా, ప్రతిసారీ అదే విధంగా పాటిస్తారు. కాకపోతే ఆ పద్ధతిలో ఒక మెట్టు తేడాగా ఉంటుంది. ప్రోగ్రాంలో దాక్కున్న లోపం, అంటే బగ్ లాంటిదే ఇది. ఆ బగ్ తెలిస్తే పిల్లాడు తర్వాతి లెక్కకి ఏ తప్పు జవాబు రాస్తాడో ముందే చెప్పొచ్చు.

53 − 27 తీసుకోండి. సరైన జవాబు 26. ఎవరైనా 34 రాశారంటే ఒకట్ల స్థానంలో 3లోంచి 7 పోదు కాబట్టి తిరగేసి 7లోంచి 3 తీశారన్నమాట. 36 రాశారంటే అప్పు తెచ్చుకుని 13లోంచి 7 తీశారు గానీ, అప్పిచ్చిన 5ని 4 చెయ్యడం మర్చిపోయారు. 80 అంటే గుర్తు చూసుకోకుండా కూడేశారు. 25 గానీ 27 గానీ వస్తే పద్ధతి తెలుసు, వేళ్ల మీద లెక్కలో ఒకటి జారింది.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది, నాకు చాలా ఆలస్యంగా తట్టింది. నేను మొదట వాడిన లెక్క 52 − 27. దానికి తిరగేసి తీసినా 35, అప్పిచ్చినవాణ్ణి తగ్గించడం మర్చిపోయినా 35! ఒకట్ల అంకెల మధ్య తేడా సరిగ్గా 5 ఉంటే ఈ రెండు బగ్గులూ ఒకే జవాబిస్తాయి. ఏ పిల్లాడి ఇబ్బంది ఏమిటో ఆటకి తెలిసే దారే లేదు. కాబట్టి అంకెలు యాదృచ్ఛికంగా వచ్చేలా వదిలెయ్యకండి. ప్రతి తప్పుకీ వేరే జవాబు వచ్చేలా లెక్కలు మీరే ఏరి పెట్టుకోండి. ఓ నలభై లెక్కలు చాలు, ఒక పూట పని. మొత్తం ఆటలో ఇంత లాభసాటి పూట ఇంకోటి ఉండదు.

పట్టిక రాయడానికి మీ ఊహ ఒక్కటే సరిపోదు. దగ్గర్లోని బడిలో రెండో తరగతి నోటు పుస్తకాలు ఓ పాతిక అడిగి చూడండి. ఎర్రసిరా ఇంటూ మార్కుల పక్కన మీకు కావలసిన సరుకంతా ఉంటుంది.

2. జవాబు ఏం చేస్తుందో ఆటలోనే కనిపించనివ్వండి

అసలు పని ఇక్కడే. పిల్లాడు ఇచ్చిన జవాబు తప్పని మీరు చెప్పకూడదు. ఆ జవాబు ఆట లోకంలో ఏం చేస్తుందో చూపించాలి.

నేను మార్చి రాసిన ఆట ఒక మిఠాయి కొట్టు. లడ్డూలు పెట్టెకి పది. షెల్ఫు మీద 5 పెట్టెలు, పళ్లెంలో విడిగా 3. పెళ్లివారు వచ్చి 27 కావాలంటారు. ఇవ్వకముందే పిల్లాడు కొట్లో ఎన్ని మిగులుతాయో ఒక చీటీ మీద రాసి షెల్ఫుకి అంటించాలి. ఆ తర్వాత బేరం నడుస్తుంది. రెండు పెట్టెలు ఇచ్చెయ్యడం తేలిక. విడిగా 7 ఇవ్వాలి, ఉన్నవి మూడే. కొత్త పెట్టె మూత తియ్యాలి. ఆ మూత పిల్లాడి వేలితోనే తియ్యనివ్వండి, మీరు తియ్యకండి. 'అప్పు తెచ్చుకోవడం' అనే మాట వెనక ఉన్న పని అదే కదా.

ఇప్పుడు 36 అని చీటీ అంటించిన పిల్లాడికి ఏం కనిపిస్తుంది? పళ్లెంలో విడి లడ్డూలు 6. వాడు చెప్పింది సరే. షెల్ఫు మీద పెట్టెలు మూడు ఉండాలని చీటీ అంటోంది, ఉన్నవి రెండు. మూడో పెట్టె ఉండాల్సిన చోట చుక్కల గీత, పక్కనే మూత తీసిన ఖాళీ పెట్టె. ఒక్క మాట కూడా రాయక్కర్లేదు. చాలామంది పిల్లలు ఆ ఖాళీ పెట్టె మీద వేలు పెట్టి "ఓ, ఇది విప్పేశాం కదా" అంటారు.

34 రాసిన పాప సంగతి ఇంకా బాగుంటుంది. ఆమె లెక్కలోని 4 వట్టి తప్పేం కాదు. పెళ్లివారికి ఏడు కావాలి, పళ్లెంలోంచి మూడు ఇచ్చాం, ఇంకా ఇవ్వాల్సినవి నాలుగు. ఆ నాలుగే ఆమె రాసింది! కాకపోతే అవి కొట్లో మిగిలినవి కావు, ఇంకా ఇవ్వాల్సినవి. అందుకే ఆటలో పెళ్లివారి బుట్టలో నాలుగు ఖాళీ గళ్లు వెలుగుతాయి. ఆమె 4 ఎక్కడిదో ఆమెకే కనిపిస్తుంది. తప్పు జవాబుకి ఇంతకన్నా గౌరవం ఇవ్వలేమనుకుంటాను.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1980 ప్రాంతంలో థామస్ మలోన్ అనే పరిశోధకుడు కంప్యూటర్ ఆటలు ఎందుకు సరదాగా ఉంటాయో తేల్చడానికి డార్ట్స్ అనే ఆటని ముక్కలుగా విడదీసి చూశాడు. సంఖ్యారేఖ మీద బెలూన్లు ఉంటాయి, అవి ఏ సంఖ్య దగ్గర ఉన్నాయో పిల్లలు భిన్నాల్లో ఊహించి చెప్పాలి. చెప్పిన చోటికి బాణం వెళ్లి గుచ్చుకుంటుంది. తప్పితే బాణం అక్కడే ఉండిపోతుంది కాబట్టి ఎక్కువ చెప్పామో తక్కువ చెప్పామో కంటికి తెలుస్తుంది. మన తొక్కుడుబిళ్ళ గీత లాంటిదే. అదే పరిశీలనలో బెలూన్లు పేలడం మగపిల్లలకి నచ్చింది, ఆడపిల్లలకి అంతగా నచ్చలేదు. ఒకే హంగు అందరికీ పనిచేస్తుందనుకోవద్దని అప్పుడే తేలింది.

2011లో ఇంగ్లండ్ పరిశోధకులు హాబ్‌గుడ్, ఐన్స్‌వర్త్ ప్రచురించిన పని మరీ సూటిగా ఉంటుంది. వాళ్ల ఆటలో ఛాతీ మీద అంకె ఉన్న అస్థిపంజరాలు ఎదురొస్తాయి, ఆ అంకెని శేషం లేకుండా భాగించే ఆయుధంతో కొడితేనే పడతాయి. అదే ఆటకి ఇంకో రూపంలో పోరాటం వేరుగా, లెక్కల ప్రశ్నలు మధ్యలో వేరుగా పెట్టారు. లెక్క ఆటలో కలిసిపోయిన రూపం ఆడిన పిల్లలే ఎక్కువ నేర్చుకున్నారు. ఏది కావాలంటే అది ఆడుకోమని వదిలేస్తే ఎక్కువసేపు ఆడింది కూడా దాన్నే.

3. తప్పు ఒప్పుకన్నా సరదాగా ఉండకూడదు

తెలుగు అక్షరాల ఆట చేస్తూ ఈ పాఠం నేర్చుకున్నాను. ప, వ అక్షరాలు చిన్నపిల్లలకి తెగ తికమక. పైన తెరిచి ఉంటే ప, మూసుకుంటే వ. "పాము" అని వినిపిస్తుంది, పిల్లాడు అక్షరం ఎంచి పుట్ట మీద పెట్టాలి. ప పెడితే పుట్టలోంచి పాము వస్తుంది. వ పెడితే వాము పొట్లం వస్తుంది! భలే ఆలోచన అని మురిసిపోయాను. "పంట" అడిగితే "వంట" వస్తే వరిచేను బదులు పొయ్యి మీద గిన్నె, "పేరు" బదులు "వేరు" వస్తే చెట్టు వేరు. జవాబు ఏం చేసిందో ఆటే చూపిస్తోంది కదా.

పిల్లలు పగలబడి నవ్వారు. ఆ తర్వాత పావుగంట కావాలని వామే పెట్టారు. పాము మామూలుగా బయటికొచ్చి ఊరుకునేది. వాము పొట్లం మాత్రం పగిలి గింజలు తెరంతా చిమ్మేవి. ఏ పిల్లాడైనా దేన్ని కోరుకుంటాడు?

సరిచెయ్యడం కష్టం కాలేదు. వాము వస్తుంది, కానీ నెమ్మదిగా వచ్చి నిలబడుతుంది. దాని పేరు వినిపిస్తుంది, అంతే. పాము మాత్రం పడగ విప్పి ఆడుతుంది. మీ ఆటలో కూడా ఒక పరీక్ష పెట్టి చూడండి: తప్పు జవాబుకి ఎన్ని సెకన్ల బొమ్మ ఆడుతోంది, ఒప్పుకి ఎన్ని సెకన్లు? తప్పు బొమ్మే పెద్దదైతే పిల్లలు దాన్నే వెతుక్కుంటారు. అలాగని తప్పుని అవమానంగా కూడా చెయ్యకండి. ఏడుపు మొహాలు, ఎర్ర ఇంటూలు, బజర్ మోతలు తీసెయ్యండి. బజర్ మోత పక్కనున్న పదిమందికీ వినిపిస్తుందని మర్చిపోవద్దు. తరగతిలో ఒకే ఫోన్ చుట్టూ నలుగురు కూర్చుంటే అది అందరి ముందూ మొట్టికాయ వేసినట్టే.

4. ఎప్పుడు స్పందించాలి

ఇది తొందరగా చెప్పేస్తాను. వేలు పెట్టగానే ఏదో ఒకటి కదలాలి, 0.1 సెకను లోపు. అంతకు మించితే నొక్కింది పట్టలేదేమో అని పిల్లలు మళ్లీ మళ్లీ నొక్కుతారు. చౌక ఫోన్లలో శబ్దం ఆలస్యంగా వస్తుంది, అందుకే వేలి స్పర్శకి జవాబు శబ్దంతో కాక బొమ్మతో ఇవ్వండి. లడ్డూ కాస్త నొక్కుకుపోయినట్టు కనిపిస్తే చాలు.

జవాబు ఫలితం మాత్రం అంత వేగంగా వద్దు. లడ్డూలు ఒక్కొక్కటే బుట్టలోకి వెళ్లనివ్వండి. లెక్కపెట్టుకోగలిగే వేగం ఉండాలి. అయితే నాలుగోసారి చూస్తున్నవాడికి అదే విసుగు, కాబట్టి తెర మీద నొక్కితే వేగం పెరిగేలా పెట్టండి.

5. సాయం మెట్లు మెట్లుగా

మొదటి తప్పుకి ఏమీ చెప్పకండి. ఆట చూపించిన ఖాళీ గడి, ఖాళీ పెట్టె కళ్ల ముందే ఉన్నాయి. చీటీ అలాగే ఉంచి, దిద్దుకునే వీలివ్వండి. ఇది ముఖ్యం: చాలా యాప్‌లు తప్పు జవాబుని వెంటనే చెరిపేస్తాయి. చెరిపేస్తే పోల్చుకోవడానికేం మిగులుతుంది?

రెండో తప్పుకి చూపు మళ్లించండి. 36 రాసినవాడికి ఖాళీ పెట్టె ఒకసారి ఊగుతుంది. 34 రాసినవాడికి బుట్టలో ఖాళీ గళ్లు ఊగుతాయి. మొదట్లో రాసుకున్న తప్పుల పట్టిక ఇప్పుడు అన్నం పెడుతుంది. పట్టికలో లేని జవాబు వస్తే ఊహించి బోధించకండి, బేరాన్ని మళ్లీ మొదటినుంచి నెమ్మదిగా నడిపించండి.

మూడో తప్పుకి గొంతు వినిపిస్తుంది: "పెట్టె విప్పాం కదా, ఇప్పుడు నిండు పెట్టెలు ఎన్ని ఉన్నాయి?" ఇది ప్రశ్న, జవాబు కాదు. నాలుగోసారికి మాత్రం ఆటే చేసి చూపించి, అలాంటిదే చిన్న లెక్క ఇవ్వాలి. 23 − 7 లాంటిది. అక్కడ వాడికి గెలుపు దొరకాలి.

'సాయం' బటన్ పెడితే ఇంకో చిక్కు ఉంది. ఆఖరి మెట్టులో జవాబు దొరుకుతుందని పిల్లలకి ఒక్కరోజులో తెలిసిపోతుంది. ఇక గబగబా నాలుగుసార్లు నొక్కేస్తారు. 2004లో ర్యాన్ బేకర్, ఆయన తోటివారు కంప్యూటర్ ట్యూటర్లు (పాఠం చెప్పే ప్రోగ్రాంలు) వాడే విద్యార్థుల్లో ఈ అలవాటునే గమనించారు, అలా నొక్కేవాళ్లు తక్కువ నేర్చుకున్నారు. తిట్టి లాభం లేదు, దారి మూసెయ్యాలి. ఒక సాయానికీ మరో సాయానికీ మధ్య పిల్లాడు ఏదో ఒకటి కదపాలి, పెట్టె విప్పాలి, లేదా చీటీ మార్చాలి. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచే పద్ధతినీ ఇందుకే మానేశాను. ఎంచుకోవడం ఉన్నచోట ఊహ నడుస్తుంది, అంకెలు తనే పెట్టాల్సినచోట నడవదు.

6. మాటలు తూచి రాయండి

"వెరీ గుడ్! సూపర్! అద్భుతం! నువ్వు చాలా తెలివైనవాడివి!" అని ప్రతి జవాబుకీ అరిచే యాప్‌లో మూడో నిమిషానికి ఆ మాటలు ఫ్యాన్ చప్పుడుతో సమానం. ఇంతకన్నా పెద్ద ఇబ్బంది కూడా ఉంది.

1998లో క్లాడియా మ్యూలర్, కరోల్ డ్వెక్ అమెరికాలో ఐదో తరగతి పిల్లలకి కొన్ని పజిళ్లు ఇచ్చి, కొందరిని "తెలివైనవాళ్లు" అని, కొందరిని "బాగా కష్టపడ్డారు" అని మెచ్చుకున్నారు. తర్వాత కష్టమైన పజిళ్లు ఇచ్చి ఓడిపోనిచ్చారు. తెలివిని పొగిడించుకున్న పిల్లలు ఆ తర్వాత వెనకబడ్డారు, తేలికవాటినే కోరుకున్నారు. తమ మార్కులు ఇంకొకరికి రాసి చెప్పమన్నప్పుడు ఎక్కువ చేసి రాసినవాళ్లు కూడా వాళ్లలోనే ఎక్కువ. పేరు పోతుందని భయం మరి. ఇది ఆ ఒక్క ప్రయోగం సంగతే కాదు. క్లూగర్, డెనిసి అనే పరిశోధకులు 1996లో ఫీడ్‌బ్యాక్ మీద వచ్చిన వందల ఫలితాలు కలిపి చూస్తే, మూడోవంతుకు పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ ఇచ్చాక పని మరింత పాడైంది. మనసు పని మీదనుంచి "నేనెలాంటివాణ్ణి" అనేదాని మీదికి మళ్లిందంటే ఫీడ్‌బ్యాక్ ఎదురు తిరుగుతుందన్నది వాళ్ల వివరణ.

కాబట్టి మనిషిని వదిలేసి చేసిన పనిని చెప్పండి. "పెట్టె విప్పి ఇచ్చావు." "చీటీ నువ్వే దిద్దుకున్నావు." "ఈసారి పెట్టెలు కూడా లెక్కపెట్టావు." తెలుగులో దీనికి ఒక అనుకోని లాభం ఉంది. "తెలివైనవాడివి" అంటే ఆడపిల్లకి వేరే మాట రికార్డు చెయ్యాలి. "విప్పావు", "దిద్దుకున్నావు" అంటే ఇద్దరికీ ఒకటే. పని గురించి మాట్లాడితే ఆ గొడవే లేదు.

'నువ్వు' అనే పిలవండి. ఏడేళ్ల పిల్లాణ్ణి 'మీరు సరైన సమాధానం ఎంచుకున్నారు' అంటే బ్యాంకు మెసేజ్‌లా ఉంటుంది. 'సమాధానం', 'ప్రయత్నించండి' లాంటి మాటలు అక్కర్లేదు. 'ఇంకోసారి చూద్దామా?' చాలు. కంప్యూటర్ గొంతు వాడకండి, చదవడం బాగా వచ్చిన ఒక అక్కతోనో అమ్మమ్మతోనో రికార్డు చేయించండి. తెలంగాణ పిల్లలకీ కోస్తా పిల్లలకీ రెండు గొంతులు పెట్టగలిగితే ఇంకా మంచిది, ఖర్చు పెద్దగా ఉండదు. ఒక్కో సందర్భానికి ఐదారు వాక్యాలు రికార్డు చేసి మార్చి మార్చి వాడండి. ఐదింట నాలుగుసార్లు ఏమీ అనకండి. పాము పడగ విప్పింది, అదే చాలు. 'శెభాష్' అనే మాటని రెండుసార్లు తప్పి మూడోసారి తనంతట తను దిద్దుకున్నవాడి కోసం దాచండి.

7. నాణేలు, నక్షత్రాలు

ఇవి పూర్తిగా వద్దని నేననను, కానీ ఆఖర్న ఆలోచించాల్సినవి. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ చేసిన ప్రయోగం చాలామంది వినే ఉంటారు. బొమ్మలు వెయ్యడమంటే ముందే ఇష్టమున్న నర్సరీ పిల్లల్లో కొందరికి "బొమ్మ వేస్తే బంగారు నక్షత్రం, రిబ్బనూ ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం" అన్నారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు, కొందరికి అసలు ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత ఖాళీ సమయంలో చూస్తే, ముందే బేరం కుదిరిన పిల్లలు బొమ్మలు వేసే సమయం మిగతావాళ్లలో సుమారు సగమే ఉంది. చెప్పకుండా ఇచ్చినవాళ్లకి ఏ నష్టమూ జరగలేదు.

దీన్నుంచి రెండు పనులు చెయ్యొచ్చు. ఒకటి, బహుమతిని బేరం చెయ్యకండి, అప్పుడప్పుడు అనుకోకుండా రానివ్వండి. రెండు, బహుమతి కూడా ఆటలోని వస్తువే అవ్వాలి. నా మిఠాయి కొట్టులో నాణేలు తీసేశాను. పది బేరాలు సరిగ్గా నడిస్తే కొట్టుకి కొత్త మిఠాయి వస్తుంది: కాకినాడ కాజాలు డజన్ల పెట్టెల్లో వస్తాయి. అంటే పెట్టెకి పన్నెండు, లెక్క కొత్తగా కష్టం. ఇంకొంచెం కష్టమైన లెక్కే బహుమతి అన్నమాట. పిల్లలు దాన్ని నిజంగానే బహుమతిగా తీసుకుంటారు, నమ్మండి.

నాణేలే కావాలని ప్రచురణకర్త పట్టుబడితే, దేనికి ఇస్తున్నారో ఆలోచించండి. వేగానికి ఇస్తే ఊహలు పెరుగుతాయి. పూర్తిచేసిన లెవెల్‌కి ఇస్తే పిల్లలు మొదటి లెవెల్‌నే వందసార్లు ఆడతారు (నా ఆటలో ఒకడు రెండొందల నాణేలు అలాగే పోగేశాడు, వాడి లెక్క వాడు బాగానే చేసుకున్నాడు). 2014లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు భిన్నాల ఆట ఒకదానిలో పాయింట్లని లెవెల్ పూర్తిచేసినందుకు కాకుండా, కొత్త ఎత్తు వేసినందుకు, మధ్యలో ఒక మెట్టు ఎక్కినందుకు ఇచ్చి చూశారు. పిల్లలు ఎక్కువసేపు పట్టు వదలకుండా ఆడారు. మీ ఆటలో దాని అర్థం: చీటీ దిద్దుకుంటే నాణెం, పెట్టె విప్పి చూసుకుంటే నాణెం.

8. ఎంత దూరం వచ్చామో చూపించడం

వైకుంఠపాళిలో తొంభై దాటాక పాము మింగి కిందికి పంపేస్తే పెద్దవాళ్లమే బోర్డు తోసేస్తాం. పిల్లాడు సంపాదించుకున్నది ఏదీ వెనక్కి తీసుకోకండి. 'ఇన్ని రోజులు వరుసగా ఆడావు' అని చూపించి, ఒక్కరోజు మానితే సున్నాకి పోయే లెక్కలు వద్దు. జ్వరం వచ్చిన రోజు, కరెంటు పోయిన రోజు, నాన్న ఫోన్ పట్టుకుని డ్యూటీకి వెళ్లిన రోజు ఏ పిల్లాడి తప్పూ కాదు. చాలా ఇళ్లలో ఫోన్ ఒక్కటే, అది పిల్లాడిది కాదు.

ర్యాంకులు కూడా వద్దు. మనకి బడిలో ఉన్నవి చాలు. దానికి బదులు పాత చీటీలు ఒక దారానికి గుచ్చి గోడకి వేలాడదీయండి. మొదటి వారం చీటీలో 34, దాని మీద కొట్టేసి 26. ఈ వారం చీటీల్లో కొట్టివేతలు తక్కువ. పిల్లాడు తనని తానే పోల్చుకుంటాడు, వాళ్లమ్మకీ ఒక్క చూపులో అర్థమవుతుంది.

ఏ తప్పు ఎన్నిసార్లు వచ్చిందో దాచుకోవడం మీకు అవసరమే. కానీ దాన్ని వీలైనంత వరకూ ఫోన్‌లోనే ఉంచండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు అందరూ పిల్లలే. వాళ్ల డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. కొన్ని మినహాయింపులు తప్పితే వాళ్ల ప్రవర్తన మీద నిఘా, వాళ్లకి గురిపెట్టిన ప్రకటనలు కుదరవు. పేరు, ఫొటో, ఊరు అడక్కుండా ఒక లడ్డూ బొమ్మనో కాజా బొమ్మనో ఎంచుకోమంటే సరిపోయేదానికి ఈ తలనొప్పి ఎందుకు?

9. మూగ పరీక్ష

ఆట తయారయ్యాక ఒక కాపీలో గొంతు, చప్పట్లు, నక్షత్రాలు, రంగుల మెరుపులు అన్నీ తీసెయ్యండి. ఐదుగురు పిల్లల్ని ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అది ఆడించండి. తప్పు జరిగినప్పుడు "ఏమైంది?" అని మాత్రం అడగండి. "తప్పైంది" అంటే మీ ఫీడ్‌బ్యాక్ ఇంకా ఏమీ చెప్పడం లేదు. "పెట్టె తక్కువైంది" అంటే చెబుతోంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా కనిపించని పిల్లలకి కూడా ఈ పరీక్షతోనే న్యాయం జరుగుతుంది.

పక్కన కూర్చున్నప్పుడు నోరు కట్టేసుకోవడమే అన్నిటికన్నా కష్టం. సాయం చెయ్యబోయే చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చోండి, నేను అలాగే కూర్చుంటాను. తెర వైపు కాకుండా మొహం వైపు చూడండి. తప్పు వచ్చినప్పుడు పిల్లాడు తెర మీదికి వంగాడా, మీ వైపు తిరిగాడా? మీ వైపు తిరిగితే ఆట వాడికి చాలినంత చెప్పలేదన్నమాట. బాగుందా అని మాత్రం అడక్కండి. పిల్లలు మొహమాటానికి బాగుందనే అంటారు, పెద్దవాళ్లలాగే.

మర్నాడు మళ్లీ వెళ్లండి. ఫోన్ తియ్యకుండా పలక ఇచ్చి, ఆటలో లేని ఒక లెక్క వెయ్యండి, 64 − 38 లాంటిది. 34 వస్తే తిరగెయ్యడం ఇంకా పోలేదు, బుట్టలోని ఖాళీ గళ్లు ఇంకాస్త పెద్దవి చెయ్యాలి. 36 వస్తే ఖాళీ పెట్టెని ఇంకాస్త ముందుకి జరపాలి. 26 రాసి, పక్కన చిన్న పెట్టె బొమ్మ గీసి దాని మీద గీత కొట్టి ఉంటే, ఆ పలకని ఫొటో తీసుకుని తర్వాతి లెవెల్ పని మొదలుపెట్టండి.